కేదార్‌నాథ్‌కు నల్లమలలో రిహార్సల్

మా గుడి భజన బృందం మే నెలలో కేదార్‌నాథ్ పోతోందని తెలిసిన రోజే అమ్మ 5,000 రూపాయలు అడ్వాన్స్ కట్టేసింది. నాకు మాత్రం వారం తర్వాత చెప్పింది. 66 ఏళ్ళ మనిషి. బీపీ గోళీ తప్ప వేరే రోగం లేదని మా అందరి లెక్క. మెట్లెక్కితే కాస్త దమ్ము వస్తుంది. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మోకాళ్ళు. అందుకని ఆమె ఎక్కడ ఆగినా మేం "మోకాళ్ళు" అనుకునేవాళ్ళం. ఆమె కూడా అదే చెప్పేది.

సరిగ్గా అప్పుడే మా బామ్మర్ది లద్దాఖ్‌లోని లేహ్ నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చాడు. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర ఉంది, ఒంటిపూట బడులు నడుస్తున్నాయి, నేను నాలుగు సెలవులు పెట్టగలను. భువనగిరి, ఉమామహేశ్వరం, సలేశ్వరం మూడూ తిప్పితే అమ్మకు హిమాలయాలకు ముందు మంచి ప్రాక్టీసు అవుతుందని ప్లాన్ వేశాను. నేను బయాలజీ టీచర్ని. ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద ఊపిరితిత్తుల బొమ్మ గీస్తున్నవాణ్ణి. ఆ ధీమా ఉంటుంది కదా.

బామ్మర్ది విని నవ్వాడు. "కాళ్ళకైతే ప్రాక్టీసే బావా. దమ్ముకు కాదు."

మొదటి రోజు: భువనగిరి

తెల్లారకముందే నల్లగొండలో బయల్దేరి చిట్యాల మీదుగా భువనగిరి చేరాం. ఎండ ముదిరితే ఆ బండ మీద అడుగు పెట్టలేం. ఊరి మధ్యలో కోడిగుడ్డును నిలబెట్టినట్టు దాదాపు 500 అడుగుల ఏకశిల. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే ఊరికి ఆ పేరు వచ్చిందంటారు.

గుట్ట కింద బామ్మర్ది జేబులోంచి ఆక్సీమీటర్ తీశాడు. వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ నూటికి ఎంతో, నాడి ఎంతో చూపించేది. కరోనా రోజుల్లో ప్రతి ఇంట్లో ఒకటి కొని ఇప్పుడు ఏ డ్రాయర్‌లో ఉందో తెలియని ఆ క్లిప్పే. నాది 98, మా పెద్దోడిది 99, బామ్మర్దిది 98, అమ్మది 95. "95 అంటే పాసే కదా" అన్నాను. వాడు తలూపాడు.

సగం మెట్లకే నా చొక్కా తడిసింది. అమ్మ ఒక రాతి అరుగు మీద కూలబడింది. మళ్ళీ వేళ్ళకు క్లిప్పు. నా నాడి 142, ఆక్సిజన్ 97. పెద్దోడిది కూడా అంతే, గుండె పరుగు తీస్తోంది గానీ ఆక్సిజన్ చెక్కు చెదరలేదు. అమ్మ నాడి 118 దాటలేదు, ఆక్సిజన్ మాత్రం 89. "మిషన్ తప్పు చూపిస్తుందేమో" అన్నాను. వాడు ఏమీ అనకుండా వేరే వేలికి పెట్టి చూశాడు. 89. ఐదు నిమిషాలు కూర్చున్నాక మెల్లగా 94కు వచ్చింది. వాడు ఫోన్‌లో ఏదో రాసుకున్నాడు. నేను పట్టించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అమ్మను అక్కడే నీడలో కూర్చోబెట్టి మేం ముగ్గురం పైకి వెళ్ళాం. ఈ బండ మీదే మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తాడు పట్టడం నేర్చుకున్నారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పూర్ణకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. పెద్దోడు గర్వంగా, "చూశావా మామా, మన గుట్ట మీద ప్రాక్టీసు చేసి ఎవరెస్ట్ ఎక్కారు" అన్నాడు.

"ఇక్కడ నేర్చుకున్నది బండ పట్టుడు రా. తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్ ఎందుకు తోలుకపోయిండ్రు? ఎత్తు అలవాటు కావాలంటే ఎత్తుకే పోవాలె."

వాడిది మునుగోడు వైపు పత్తి రైతుల ఇల్లు. గాలి పలచబడటమంటే ఏమిటో పెద్దోడికి పత్తితోనే చెప్పాడు. ఏరిన పత్తి అంతా ఇంట్లో ఒక గదిలో కుప్ప పోస్తారు, దూలం దాకా. అడుగున ఉన్నది పై బరువుకు అణిగి గట్టిగా ఉంటుంది, పైన ఉన్నది పొంగి ఉంటుంది. అడుగు నుంచి ఒక గుప్పెడు లాగు, పై నుంచి ఒక గుప్పెడు తీయి. గుప్పెడు గుప్పెడే, పత్తిలోనూ తేడా లేదు. తూకం వేస్తే మాత్రం పై గుప్పెడు తేలిపోతుంది. గాలీ అంతే. ఆక్సిజన్ వాటా నల్లగొండలోనైనా లేహ్‌లోనైనా నూటికి 21 పాళ్ళే. ఒత్తిడే తగ్గుతుంది. 3,500 మీటర్ల లేహ్‌లో మనం పీల్చే ప్రతి గుక్కలో ఇక్కడి దానిలో మూడింట రెండు వంతుల ఆక్సిజనే ఉంటుంది. 5,500 మీటర్ల దగ్గర సగం. ఎవరెస్ట్ కొన మీద మూడో వంతు.

"మరి కేదార్‌నాథ్?" అన్నాను.

"3,583 మీటర్లు. మా లేహ్ కన్న కొంచెం ఎత్తే బావా."

ఆ మాట నాకు తెలియదు. కేదార్‌నాథ్ అంటే తిరుమల మెట్ల లాంటిదే, ఇంకొంచెం ఎక్కువ నడక అనుకున్నాను. నాలాగే అనుకుని బస్సెక్కేవాళ్ళు మా భజన బృందంలో ఇంకో ఇరవై మంది ఉన్నారు.

రెండో రోజు: దేవరకొండ, డిండి, ఉమామహేశ్వరం, మన్ననూరు

దేవరకొండ ఖిల్లా ఎక్కుదామని పెద్దోడు పట్టుబట్టాడు గానీ తొమ్మిదింటికే ఎండ నెత్తి మీదికి వచ్చింది. రేచర్ల పద్మనాయకుల కోట గోడలను కిందనుంచే చూసి సాగిపోయాం. డిండిలో రోడ్డు పక్కన చేపల పులుసుతో అన్నం తిన్నాం. కారం ఎంతంటే మా అందరి నాడీ కూర్చున్న చోటే 100 దాటి ఉంటుంది, చూసుకోలేదు.

రంగాపూర్ దగ్గర పక్కకు తిరిగి ఘాట్ రోడ్డు ఎక్కితే ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. కొండ చరియ గొడుగు పట్టినట్టు ముందుకు వంగి ఉంటుంది, దాని కింద గుడి. బయట నిప్పులు కురుస్తున్నా ఆ రాతి నీడలో చల్లగా ఉంది. పాపనాశనం నీళ్ళు తాగాం. కోతులు అమ్మ చేతిలోని అరటిపండ్లన్నీ గుంజుకుపోయాయి. మెట్లెక్కి వచ్చిన అమ్మకు బామ్మర్ది మళ్ళీ క్లిప్పు పెట్టాడు. 90. ఈసారి నేనూ చూశాను.

"ఇక్కడ ఎత్తు ఎంతుంటది?" అని అడిగాను, నల్లమల మీద నెపం వేద్దామని.

"బావా, తెలంగాణ మొత్తంల ఎత్తైన డోలిగుట్టే 965 మీటర్లు. అట్లాంటి ఎత్తుకు తందురుస్తు మనిషికి ఆక్సిజన్ తగ్గదు. అత్తమ్మకు తగ్గుతుందంటే అది గుట్ట తప్పు కాదు."

రాత్రి మన్ననూరులో దిగాం. జాతర జనంతో ఊరంతా నిండిపోయింది. మాకు దొరికిన గదిలో ఫ్యాన్ తిరగలేదు, బయట మంచాలు వేసుకున్నాం. అమ్మ నిద్రపోయాక బామ్మర్ది లేహ్ ముచ్చట్లు మొదలుపెట్టాడు.

మొదటి రాత్రి ఎవరికీ సరిగా నిద్ర పట్టదట. తల పగిలిపోతుంటుంది. పక్క మంచం మీది వాడు పది పదిహేను సెకన్లు ఊపిరే తీయడు. పోయాడా ఏంది అని లేచి కూర్చుంటే, ఒక్కసారిగా ఎగపీల్చి గబగబా నాలుగు ఊపిర్లు తీసి మళ్ళీ ఆగిపోతాడు. ఇది రోగం కాదు, లెక్క తప్పడం. ఆక్సిజన్ తగ్గిందని మెడలోని కెరోటిడ్ బాడీలు పసిగట్టి ఊపిరి వేగం పెంచుతాయి. వేగం పెరిగితే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. మెదడేమో ఊపిరికి సైగ ప్రధానంగా ఆ కార్బన్ డయాక్సైడ్ నుంచే తీసుకుంటుంది. అది తగ్గేసరికి నిద్రలో ఊపిరి మరిచిపోతుంది. ఇంతలో ఆక్సిజన్ పడిపోయి మళ్ళీ తట్టి లేపుతుంది. మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని మూత్రంలో పారబోసి ఈ గొడవను సర్దడానికి కొన్ని రోజులు పడుతుంది. "రాత్రికి నాలుగుసార్లు ఒంటికి లేస్తున్నడంటే వాడు అలవాటు పడుతున్నడని మాకు ఖుషీ" అన్నాడు. ఎత్తుకు పోయేవాళ్ళు వేసుకునే డయామాక్స్ గోళీ చేసే పని కూడా మూత్రపిండాలను అలా తొందరపెట్టడమే.

తర్వాత ఒక కుర్రాడి సంగతి చెప్పాడు. 23 ఏళ్ళు, తన జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడు. 15,000 అడుగుల పైన ఒక పోస్టుకు చేరాడు. రెండో రోజు నుంచి పొడి దగ్గు. చెబితే కిందికి పంపిస్తారని దాచాడు. మూడో రాత్రి రెండింటికి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెదవులు నేరేడుపండు రంగు. దగ్గితే రుమాలులో గులాబీ రంగు నురగ. ఆక్సీమీటర్‌లో 58.

"మేం దాన్ని హేపో అంటం బావా. ఊపిరితిత్తుల్ల నీళ్ళు చేరుడు."

మంచు పడుతోంది, తెల్లారేదాకా హెలికాప్టర్ రాదు. ఆక్సిజన్ పెట్టారు. తర్వాత హేపో బ్యాగులో పడుకోబెట్టారు. మనిషి పొడుగు ఉండే రబ్బరు గుడ్డ సంచి, జిప్పు వేసి కాలితో పంపు తొక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కుర్రాణ్ణి కదిలించకుండానే ఒక 1,500, 2,000 మీటర్లు కిందికి దించినట్టు లెక్క. ముఖం దగ్గర చిన్న కిటికీ. ఒకడు తొక్కుతుంటే ఇంకొకడు ఆ కిటికీలోంచి టార్చి వేసి పెదవుల రంగు చూస్తాడు. తొక్కడం ఆపితే లోపలి గాలి చెడిపోతుంది. నలుగురూ వంతులు వేసుకుని తెల్లారేదాకా తొక్కారు. "నా కుడి పిక్క రెండు రోజులు పట్టేసింది" అన్నాడు, అదొక్కటే ఆ రాత్రి తనకు మిగిలిన బాధ అన్నట్టు. కుర్రాడు బతికాడు.

"అంత గట్టి పిల్లగాడికే ఎందుకొచ్చింది?"

"గట్టోడు కాబట్టే. ఆగకుండ ఎక్కుతడు. దానికి కండతోని పని లేదు."

1962 యుద్ధంలో మైదానాల నుంచి నేరుగా ఎత్తులకు పంపిన జవాన్లలో ఇలాంటి కేసులు ఎన్నో. అప్పటికి దాన్ని న్యుమోనియా అనుకోవడమే ఎక్కువ. ఇందర్ సింగ్, ఆయనతో పనిచేసిన మన సైనిక వైద్యులు 1965లో లాన్సెట్ వైద్య పత్రికలో రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ విషయంలో మొదట చదవాల్సిన వాటిలో ఒకటి.

నిద్ర పట్టక నేను ఆ నీళ్ళ సంగతే ఆలోచిస్తూ పడుకున్నాను. మా ఊరి చెరువు కింద నీరటి గుర్తొచ్చాడు. ఏ మడి బీడు పడిందో చూసి ఆ కాలువకు మట్టి అడ్డం వేసి, పంట ఉన్న మడికి నీళ్ళు మళ్ళించేవాడు. ఊపిరితిత్తుల్లో సరిగ్గా అలాంటి నీరటే ఉన్నాడు. గాలి అందని మూలకు పోయే రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తం గాలి బాగా ఉన్న వైపుకు మళ్ళుతుంది. 1946లో స్వీడన్‌లో ఫాన్ ఆయిలర్, లిలియెస్ట్రాండ్ పిల్లుల మీద ప్రయోగం చేసి ఇది చూపించారు. ఒంట్లో మిగతా చోట్ల ఆక్సిజన్ తగ్గితే నాళాలు వెడల్పవుతాయి, ఒక్క ఊపిరితిత్తుల్లోనే ఇరుకవుతాయి. కింద ఉన్నంతకాలం ఇది చాలా తెలివైన ఏర్పాటు. ఎత్తుకు పోతే మాత్రం ఏ మడి చూసినా నీరటికి బీడులాగే కనిపిస్తుంది. అన్ని కాలువలకూ అడ్డం వేయబోతాడు. వెనకనుంచి గుండె కుడి గది నీళ్ళు తోస్తూనే ఉంటుంది. ఒత్తిడి పెరుగుతుంది. అడ్డం పడని కాలువలు ఒకటీ అరా ఉంటే వరదంతా అటే పోయి గట్టు ఊటెక్కుతుంది. ఆ ఊటే కుర్రాడి రుమాలులో నురగ. నెలల తరబడి ఆ ఎత్తులోనే ఉంటే కుడి గది గోడ, కాడి మోసే ఎద్దు మూపులాగా, దళసరి అవుతుంది.

మూడో రోజు: సలేశ్వరం

ఏడాదిలో చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులే ఈ దారి తెరుస్తారు. ఫరహాబాద్ చెక్‌పోస్ట్ దగ్గర మూడు గంటలు ఇరుక్కుపోయాం. రాంపూర్ పెంట దాకా బండ్లు, అక్కణ్ణుంచి నడక. రాళ్ళు, దుమ్ము, కర్ర ఊతంగా దిగే ముసలివాళ్ళు, భుజాల మీద పిల్లలు. "వస్తున్నం లింగమయ్యా" అని దిగేవాళ్ళ కేక, "పోయొస్తం లింగమయ్యా" అని ఎక్కేవాళ్ళ కేక లోయలో కలిసిపోతున్నాయి.

ఇక్కడ దేవుడు కొండ మీద లేడు, లోయ అడుగున ఉన్నాడు. ముందు దిగాలి, తర్వాత ఎక్కాలి. దిగుడు మొదలయ్యే చోట బామ్మర్ది ఆగిపోయాడు.

"అత్తమ్మా, నువ్వు ఇక్కడ్నే కూసో."

"లింగమయ్యను చూడకుండనా? ఇంత దూరమొచ్చి?"

"దిగుడు అల్కనే. కొండ మీద ఆయాసమొస్తే కిందికి దిగొచ్చు. ఇక్కడ ఆయాసమొస్తే మళ్ళ పైకే ఎక్కాలె."

అమ్మ నా వైపు చూసింది. నిన్నటిదాకా అయితే నేను "మెల్లగా పోదాం లే" అనేవాణ్ణి. కూర్చోమన్నాను. ఇప్పచెట్టు కింద ఒక చెంచు అవ్వ రాలిన పూలు ఏరి గుడ్డలో పోసుకుంటోంది, అమ్మ ఆమె పక్కన చేరింది. మేం తిరిగొచ్చేసరికి వాళ్ళిద్దరూ కోడళ్ళ సంగతుల దాకా వెళ్ళిపోయారు.

కింద రెండు కొండ గోడల మధ్య ఆకాశం ఒక చీలికలా కనిపిస్తుంది. పైనుంచి నీటిధార. ఏప్రిల్‌లో కూడా ఆ నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. ధార కింద నిలబడి, గుహలో చెంచు పూజారుల దగ్గర దర్శనం చేసుకుని బయటికి వచ్చాను. పెద్దోడు ఆటగా నా వేలికి క్లిప్పు పెట్టాడు. 78! వాడి ముఖం పాలిపోయింది. నాకూ గుండె జారింది. బామ్మర్ది తాపీగా నా చెయ్యి తీసుకుని రెండు నిమిషాలు రుద్దాడు. 97. "వేలు చల్లబడితే రక్తం రాదు, మిషన్‌కు కనపడదు. నా డ్యూటీల సగం చేతులు రుద్దుడే."

ఎక్కుడు మొదలైంది. నా గొప్పతనం అక్కడ తేలిపోయింది. ప్రతి ఇరవై అడుగులకు ఆగాను. పైకి వచ్చాక నాడి 164, నోట్లో లాలాజలం లేదు, కళ్ళ ముందు చుక్కలు. ఆక్సిజన్ 96.

"చూసినవా బావా. నీ గుండె ఉరుకుతుంది, కాళ్ళు రక్తం అడుగుతున్నయ్ కాబట్టి. ఆక్సిజన్ ఎక్కడికి పోలే. లేహ్‌ల దిగిన రోజు నేను మంచం మీద కదలకుండ పన్నప్పుడు నాడి 104, ఆక్సిజన్ 86. అక్కడ కాళ్ళు ఏం అడగలే."

మూడు రోజులుగా నా బుర్రకు ఎక్కని సంగతి ఆ రెండు అంకెల జతతో ఎక్కింది. మొదటి రోజుల్లో రక్తంలోని నీరు కూడా తగ్గిపోతుంది, ఒక్కో కొట్టుకు గుండె పంపే రక్తం తగ్గుతుంది, ఆ లోటును ఎక్కువసార్లు కొట్టుకుని పూడుస్తుంది. ఎర్రకణాలు తయారుచేయమని చెప్పే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్‌ను మూత్రపిండాలు వదలడం గంటల్లోనే మొదలవుతుంది గానీ ఎర్రకణాలు పెరిగి చేతికి రావడానికి వారాలు పడుతుంది. బామ్మర్ది హిమోగ్లోబిన్ లేహ్ పోకముందు 14.6, అక్కడ పది నెలల తర్వాత 17.8. ఈ నెల సెలవులో శరీరం ఆ మిగులు కణాలను తనే వదిలించుకుంటోంది. కష్టపడి కూడబెట్టుకున్నది మునుగోడు కల్లు తాగుతూ ఖర్చు పెడుతున్నాడన్నమాట.

అమ్మకు బాటిల్‌లో తెచ్చిన సలేశ్వరం నీళ్ళు ఇచ్చాం. సగం చెంచు అవ్వకు పోసి, సగం తను తాగింది. కారు దాకా చదును దారే. మధ్యలో రెండుసార్లు ఆగింది. 88.

"రేపు ఇంటికి కాదు బావా, పాలమూరు పోదాం. గుండెకు ఎకో స్కాన్ తీపిద్దాం" అన్నాడు వాడు. గొంతు మామూలుగానే ఉంది.

నాలుగో రోజు: పాలమూరు

అచ్చంపేట, నాగర్‌కర్నూల్ మీదుగా పోయాం. దారి గురించి రాయడానికి ఏమీ గుర్తు లేదు, ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

డాక్టరు అమ్మను అడిగిన మొదటి ప్రశ్న మోకాళ్ళ గురించి కాదు. "ఎన్నేండ్లు కట్టెల పొయ్యి మీద వండినవమ్మా?"

"పెండ్లయిన కాన్నించి. ముప్పై ఏండ్లుంటది. గ్యాసొచ్చినంక గూడ బర్రెల దాణా ఉడకబెట్టనీకి కట్టెల పొయ్యే."

గొట్టంలోకి గట్టిగా ఊదమన్నారు. మూడుసార్లు ఊదింది, మూడుసార్లూ గీత సగంలోనే వంగిపోయింది. ఎకోలో ఊపిరితిత్తుల ధమని ఒత్తిడి 52 వచ్చింది, 35 లోపు ఉండాలట. గుండె ఎడమవైపు బాగానే ఉంది. కుడి గది మాత్రం కొంచెం పెద్దదైంది. ముప్పై ఏళ్ళ పొగకు ఊపిరితిత్తుల్లో కొన్ని భాగాలు పాడై, అక్కడి నాళాలు ఎప్పుడో బిగుసుకుని ఉన్నాయి.

ఆ పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదే అమ్మ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. కళ్ళు తుడుచుకుంటూ దగ్గడం తెలుసు. ధూమపానం ఊపిరితిత్తులకు హానికరమని ఏటా పదో తరగతికి చెప్తాను. సిగరెట్ గురించి చెప్తాను.

2,000 మీటర్ల పైకి వద్దన్నాడు డాక్టరు. నడిచే దారి మొదలయ్యే గౌరీకుండే దాదాపు 1,980 మీటర్లు. అక్కణ్ణుంచి కేదార్‌నాథ్‌కు ఒక్క రోజులో 1,600 మీటర్లు ఎక్కేస్తారు. 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే చోటును రోజుకు 500 మీటర్ల కన్నా పైకి జరపొద్దని పర్వత వైద్యులు ఆరోగ్యవంతులకే చెప్తారు. గుర్రం ఎక్కినా, హెలికాప్టర్ ఎక్కినా ఆ లెక్క మారదు. హెలికాప్టర్‌లో పోతే కాళ్ళ నొప్పి తప్పుతుందేమో, శరీరానికి దొరికే ఆ కాస్త సమయం కూడా పోతుంది. విమాన ప్రయాణానికి ముందు కూడా తనకు ఒకసారి చూపించమన్నాడు. విమానం లోపలి గాలి 2,400 మీటర్ల కొండ మీది గాలికి దగ్గరగా ఉండవచ్చట.

బయట బల్ల మీద కూర్చుని అమ్మకు నీరటి కథ చెప్పాను. నేను ఊపిరితిత్తుల బొమ్మ గీయబోతే పెన్ను పక్కన పెట్టించింది. కాసేపు ఆలోచించి తనే అంది:

"అంటే నా మళ్ళల్ల కొన్ని ఇప్పటికే మూసిండు. పైకి పోతే మిగిలినయి గూడ మూస్తడు. అంతేనా?"

అంతే. నా ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత తొందరగా అర్థం చేసుకున్న స్టూడెంట్ లేరు.

ఐదో రోజు: పిల్లలమర్రి, ఇల్లు

పొద్దున పిల్లలమర్రి చూశాం. ఏడు వందల ఏళ్ళదని చెప్పే చెట్టు. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరిగితే సెలైన్ బాటిళ్ళు వేలాడదీసి మందు ఎక్కించారు. అమ్మ ఊడలు లెక్కపెడుతూ అడిగింది, "మరి ఆ కొండల మీదనే పుట్టి పెరిగినోళ్ళు ఎట్ల బతుకుతరు బిడ్డా?"

బామ్మర్ది ఇచ్చిన జవాబు జడ్చర్ల దాటేదాకా సాగింది. లద్దాఖ్‌లో చాంగ్‌పాలు 4,500 మీటర్ల దగ్గర గొర్రెలు కాస్తారు. టిబెట్ మూలాలున్న ఈ జనాల రక్తం అతిగా చిక్కబడదు. ఈపీఏఎస్1 అనే జన్యువు వాళ్ళలో వేరే రకంగా ఉంటుంది, అంతరించిపోయిన డెనిసోవన్ మానవుల నుంచి అది వచ్చిందని 2014లో తేలింది. వాళ్ళు రక్తం చిక్కబరచుకోకుండా ఊపిరి ఎక్కువ తీసుకుంటారు, నాళాలు తెరిచి ఉంచుకుంటారు. దక్షిణ అమెరికా ఆండీస్‌లో అలా కాదు. అక్కడివాళ్ళు హిమోగ్లోబిన్ పెంచుకునే బతుకుతారు, కొందరిలో అది 21 కూడా దాటిపోయి రక్తం పాకంలా అవుతుంది, తలనొప్పి, మత్తు, కుడి గుండె అలిసిపోవడం. పెరూ వైద్యుడు కార్లోస్ మోంగే 1920లలో వర్ణించిన జబ్బు అది. అసలు మందు కిందికి దిగడమే.

"పశువులకు గూడ వస్తది అత్తమ్మా. అమెరికాల కొలరాడో కొండల మీద మేపే ఆవులకు కుడి గుండె ఓడిపోయి గంగడోలు వాస్తది. జడల బర్రెకు రాదు. దాని ఊపిరితిత్తుల నాళాల గోడలు పలచగ ఉంటయ్, బిగుసుకునుడు తెల్వదు."

బర్రెల సంగతి వచ్చేసరికి అమ్మ నిద్ర మత్తు వదిలింది. జడల బర్రె ఎన్ని పాలిస్తది, వెన్న ఎంత వస్తది అని కల్వకుర్తి దాకా అడుగుతూనే ఉంది. వాడి దగ్గర జవాబుల్లేవు.

పన్నెండు రోజుల తర్వాత

భజన బృందం అడ్వాన్స్ వాపసు ఇవ్వలేదు. బదులుగా హరిద్వార్, రిషికేశ్ దాకా రైల్లో తీసుకుపోయి, వాళ్ళు పైకి వెళ్ళి వచ్చేదాకా ఆశ్రమంలో ఉంచుతామన్నారు. ఆ రెండూ 400 మీటర్ల లోపే, మా నల్లగొండ లాంటివే. డాక్టరు సరే అన్నాడు. అమ్మ ఇన్‌హేలర్ పీల్చడం నేర్చుకుంది. నేను భజన బృందంలో అరవై దాటిన మిగతావాళ్ళ ఇళ్ళకు ఆక్సీమీటర్ పట్టుకుని తిరిగాను. ఇద్దరు తిట్టారు, ఒకాయన ఎకో తీయించుకున్నాడు.

బామ్మర్ది ఢిల్లీ మీదుగా లేహ్ చేరాడు. నాలుగు వారాలకు పైగా కింద ఉన్నాడు కాబట్టి మళ్ళీ మొదటి నుంచి ఆరు రోజుల అలవాటు, అందులో మొదటి రెండు రోజులు పడకే. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు సైతం కింద కొన్నాళ్ళు ఉండి తిరిగి వెళ్ళినప్పుడు హేపో రావచ్చట. మొన్న సాయంత్రం వీడియో కాల్ చేసి దుప్పటిలోంచి వేలు చూపించాడు. 87, నాడి 101.

అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"రెండు రోజులు మంచం దిగకు బిడ్డా. నెల రోజులాయె నీరటి ఊర్ల లేకపాయె. ఏ కాలువ ఏడుందో మళ్ళ చూసుకోవద్దా?"